మూసిన కిటికీ గల ముసలి ఇంటికి

మహారాజశ్రీ సఫోక్ ఫార్మ్‌హౌస్ గారి దివ్య సముఖానికి,

నమస్కారాలు. వంటింటి కిటికీ తెరిపించడం కుదరదని కౌన్సిల్ వారి ఉత్తరం ఇవాళే అందింది. తమరు ఇంగ్లాండులో గ్రేడ్ 2 జాబితాకెక్కిన చారిత్రక కట్టడం కాబట్టి, ఆ కిటికీలో పేర్చిన ఇటుకలు కూడా తమరి ‘స్వరూపం’లో భాగమేనట.

ఏ స్వరూపమండీ? తమరు పుట్టినప్పుడు ఒంటి మీద ఒక్క ఇటుక లేదు. ఓక్ నిట్రాళ్లు, తడికల మీద మెత్తిన మట్టి, హాలు నడిమధ్య నేల మీద మంట. పొగంతా కప్పులోకే. అటక ఎక్కి వాసం తడిమితే ఆ మసి ఇప్పటికీ వేలికి అంటుతుంది. పదహారో శతాబ్దంలో ఒకాయన పొగగొట్టం కట్టించి, హాలుకు అడ్డంగా దూలాలు వేయించి పై అంతస్తు లేపాడు. (ఆ దూలానికీ నా నుదుటికీ రోజూ పలకరింపులే. అది వదిలేయండి.) జార్జి రాజుల కాలంలో ఇంకొకాయనకు చెక్క ఇల్లు నామోషీ అయి, వీధివైపు మాత్రం ఇటుక గోడ తొడిగాడు. 1960ల్లో మరో మహానుభావుడు వెనకాల సున్నం గీకించి సిమెంటు పూయించాడు. ఆ గోడ చెమ్మ కక్కుతూనే ఉంది. వాళ్లందరిదీ చరిత్ర. నాది మాత్రం చెడగొట్టడం!

1696లో మూడో విలియం రాజు కిటికీల మీద పన్ను వేశాడు. అది తప్పించుకోవడానికే తర్వాతెప్పుడో తమరి యజమానొకడు ఈ కిటికీ మూయించాడు. 1851లో పన్ను ఎత్తేశారు, ఇటుకలు ఎత్తలేదు. పన్ను ఎగ్గొట్టినవాడి పని వారసత్వమైంది. వెలుతురు కోసం నేను అనుమతి లేకుండా దాన్ని తెరిస్తే చారిత్రక కట్టడాల 1990 చట్టం కింద నేరం, కేసు!

దగ్గరికెళ్లి చూశాను. చుట్టూ గోడ ఎంత పొందిగ్గా ఉందో, కిటికీలో ఇటుకలు అంత వంకర. కింద గట్టు కూడా తీయలేదు. రేపో మాపో మళ్లీ తెరవచ్చులే అనుకున్న మేస్త్రీ పని అది. స్వరూపమట, నీ మొహం! మిట్టమధ్యాహ్నం లైటు వేసుకున్నా, పోపు వేగిందో మాడిందో వాసన బట్టి తెలుసుకుంటున్నాను ఇక్కడ.

ఈ నెల కరెంటు బిల్లు మూడో విలియం గారికే పంపుతున్నా. అడ్రస్ నువ్వే చెప్పాలి. ఆయన కంటే ముందు పుట్టావుగా!

ఇట్లు,
నీ లోను కట్టేవాడు