ఏజెన్సీ ఊళ్లకు టవర్ పెట్టడం దానం కాదు

ములుగు జిల్లా ఏటూరునాగారం, వాజేడు వైపు అడవి ఊళ్లలో ఫోన్ సిగ్నల్ సంగతి ఎత్తితే చాలు, ఒకటే జవాబు: "అక్కడ ఎంతమంది ఉన్నారండీ, టవర్ ఖర్చు ఎప్పటికి రావాలి?" ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. టవర్ వల్ల వచ్చే లాభమంతా కంపెనీ ఖాతాలోనే పడదు. రైతు చేతికి, కూలీ చేతికి, ఊరి దుకాణానికి వస్తుంది. దాన్ని ఎవరూ లెక్కలో వేయరు.

మిర్చినే చూడండి. పొద్దున వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో జెండా పాట (వేలంలో మొదట పలికే ధర) ఎంత పలికిందో ఫోన్‌లో తెలిస్తే, బండి కట్టాలా ఆగాలా అని రైతు ఇంటి దగ్గరే తేల్చుకుంటాడు. తెలియకపోతే బస్తాలు దింపాకే ధర వింటాడు. అప్పటికే బండి కిరాయి, హమాలీ మీద పడి ఉంటాయి. కోల్డ్ స్టోరేజీలో జాగా దొరుకుతుందో లేదో తెలియదు. ఇక ఎంతకడిగితే అంతకు ఇచ్చి రావడమే.

ఫోన్ వస్తే ఏం మారుతుందో కేరళలో లెక్కతో సహా తేలింది. 1997 - 2001 మధ్య ఉత్తర కేరళ తీరానికి సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త అక్కడి చేపల రేట్లను పరిశీలించాడు. అంతకుముందు ఒక రేవులో కొనేవాళ్లు లేక చేపలు పారబోసేవాళ్లు, అదే పూట ఇంకో రేవులో చేపలు చాలేవి కావు. ఫోన్లు వచ్చాక పారబోయడం దాదాపు ఆగిపోయింది. జాలర్ల లాభం 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. ఇద్దరూ బాగుపడ్డారు!

దేశాల లెక్కా ఇంతే. రోలర్, వేవర్‌మాన్ అనే ఆర్థికవేత్తలు 21 సంపన్న దేశాల 20 ఏళ్ల వివరాలు తీసి 2001లో అచ్చేశారు. టెలిఫోన్ల మీద పెట్టిన పెట్టుబడి దేశ ఆదాయాన్ని పెంచుతుంది, అయితే ఆ ఫలితం గట్టిగా కనిపించేది దాదాపు అందరికీ లైన్ అందినప్పుడే అని తేల్చారు. నా దృష్టిలో అసలు ముక్క ఇదే. హనుమకొండలో ఇంకో టవర్ పెడితే వీడియో కాస్త తొందరగా ఆడుతుంది. అదే డబ్బు ములుగు అడవి ఊళ్లో పెడితే, ఇప్పటిదాకా బయట ఉన్న మనిషి మార్కెట్‌లోకి వస్తాడు.

పైగా ప్రభుత్వమే 2023 నుంచి ఉపాధి హామీ హాజరును ఫోన్ యాప్‌లో తప్పనిసరి చేసింది. సిగ్నల్ లేని ఊళ్లో ఫోటో ఎక్కలేదంటే కూలీ డబ్బులకు టెన్షనే.

డబ్బు లేదంటే నేను ఒప్పుకోను. గ్రామాల ఫోన్ సేవల కోసమని టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం ఏళ్లుగా వసూలవుతోంది. అది మన రీచార్జి డబ్బే. 2023 చట్టంతో ఆ నిధి పేరు డిజిటల్ భారత్ నిధి అయింది. పంచాయతీలకు ఫైబర్ (ఇంటర్నెట్ వైరు) వేసే పథకం 2011 నాటిది. మన దగ్గర మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలూ వేశారు, చాలా మంచి పని. కానీ కరెంటు పోతే ఊళ్లో ఆ ఫైబర్‌కు తగిలించిన పెట్టె ఆగిపోతుంది. జేసీబీ తగిలి వైరు తెగితే అతికే మనిషి కావాలి. వీటికి ఏటా డబ్బు కేటాయించకపోతే వేసిన గొట్టం మట్టిలోనే ఉంటుంది.

చేతకాక కాదు కదా. రెండేళ్లకోసారి మేడారం జాతరకు తాత్కాలిక టవర్లు తెస్తారు, అయ్యాక విప్పుకొని పోతారు. ఏ ఊరికి ఫైబర్ చేరింది, ఈ రోజు అది పనిచేస్తోందా లేదా అన్నది ఊరి పేరుతో సహా జనం ముందు పెట్టండి. ఏజెన్సీ టవర్ల బ్యాటరీలకు, సోలార్‌కు ఆ డిజిటల్ భారత్ నిధి నుంచే ఇవ్వండి.