క్రేను కథ ఎవరు చెప్పాలి?

1971 ఆరంభంలో సోవియట్ క్షిపణి పడవలు మన దేశానికి వచ్చినప్పుడు, అంత బరువెత్తే క్రేను బొంబాయి రేవులో లేదు. కలకత్తాలో దించి, మోకులు కట్టి, ద్వీపకల్పమంతా చుట్టి బొంబాయికి లాక్కొచ్చారు. ఆ పడవలు సొంతంగా ఎక్కువ దూరం పోలేవు. ఇంత దూరం లాగినవాళ్లం కరాచీ దిక్కుకు మాత్రం ఎందుకు లాగలేమన్న ఆలోచన అక్కడే మొలకెత్తింది. ఆ ఏడాది పాకిస్థాన్‌తో యుద్ధంలో, డిసెంబరు 4 రాత్రి కరాచీపై నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే ఆ పడవలు జరిపిన దాడి అందరికీ తెలుసు. క్రేను సంగతి ఎందరికి తెలుసు?

అది చరిత్రకెక్కడానికి వైస్ అడ్మిరల్ జి.ఎం. హీరానందానీ వంటివారి ఓపికే కారణం. ఆ యుద్ధంలో ఆయన వెస్ట్రన్ ఫ్లీట్ ఆపరేషన్స్ అధికారి. నౌకాదళ ఉపాధిపతిగా పదవీ విరమణ చేశాక తీరిగ్గా కూర్చోలేదు. 1965 నుంచి 2000 వరకు దళ చరిత్రను మూడు సంపుటాలుగా రాశారు. పుస్తకాలు రాయడం నౌకాధికారి పని కాదని 1893లో అమెరికాలో ఒక పై అధికారి, సముద్రశక్తిపై పుస్తకం రాసిన నౌకాధికారి ఆల్ఫ్రెడ్ మహాన్ గురించి రాసిపెట్టాడు. అప్పటికే మహాన్ పుస్తకాన్ని ఇతర దేశాల నౌకాదళాలు శ్రద్ధగా చదువుతున్నాయి! ఆ మాట రాసినవారిని ఇప్పుడు తలుచుకునేది ఆ ఒక్క వాక్యం కోసమే.

సముద్రం లేని హైదరాబాద్‌కు ఈ గొడవెందుకు అనుకోవచ్చు. 2024 అక్టోబరులో వికారాబాద్ జిల్లా దామగుండంలో నౌకాదళ రాడార్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. అందరూ రాడార్ అన్నారు, మేమూ అన్నాం. నిజానికది జలాంతర్గాములకు సందేశాలు పంపే కేంద్రం. మామూలు రేడియో తరంగాలను ఉప్పునీరు మింగేస్తుంది. అతి తక్కువ పౌనఃపున్యం ఉన్నవే కొన్ని మీటర్ల లోతుకు దిగుతాయి. వాటి తరంగదైర్ఘ్యం కిలోమీటర్లలో ఉంటుంది కనుకే అంత భారీ యాంటెన్నాలు, అంత నేల. అడవి గురించి, మూసీ పుట్టుక గురించి జనం అడిగిన ప్రశ్నలు న్యాయమైనవే. జవాబు చెప్పాల్సినవారు దేశభక్తి నినాదాలతో సరిపెట్టారు. జలాంతర్గామిలో పనిచేసిన అధికారి తెలుగులో రాసిన పుస్తకం ఒక్కటి చేతిలో ఉన్నా ఆ చర్చ ఇంకోలా సాగేది.

తూర్పు నౌకాదళ కమాండ్ 1968 నుంచి విశాఖలోనే ఉంది. అయినా తెలుగులో నావికుల రచనలు వెతికితే గానీ దొరకవు. ఏటా నేవీ డే నాడు సాగరతీర విన్యాసాల ఫొటో వేసి చేతులు దులుపుకొనే మా వంటి పత్రికలకూ ఇందులో వాటా ఉంది.

యుద్ధ చరిత్రలను ఐదేళ్లలో సంకలనం చేయాలని, సాధారణంగా 25 ఏళ్లకు దస్త్రాలను బయటపెట్టాలని 2021లో రక్షణ శాఖ విధానం ప్రకటించింది. దస్త్రాలు ఎప్పుడు వస్తే అప్పుడు రానీ. హీరానందానీ సంపుటాల అనువాదాన్ని తెలుగు విశ్వవిద్యాలయం ఈ ఏడే తలకెత్తుకోవాలి. అంతకంటే ముందు, ఒక రికార్డరు ఇచ్చి ఎవరినైనా హైదరాబాద్‌లో మాజీ సైనికులుండే సైనిక్‌పురికి పంపాలి. 1971లో పాతికేళ్ల వయసున్న నావికులకు ఇప్పుడు ఎనభై దగ్గరపడింది.