పరమాత్మ దగ్గర చిల్లర లేదు

17వ శతాబ్దపు తంజావూరులో జనం ఎలా బతికారో తెలుసుకోవడానికి పాత తాళపత్రాలు తిరగేసే శ్రమ ఇక అక్కర్లేదు. 'నాయకరాజుల కాలంలో ఓ సాయంత్రం' లాంటి సభకు వెళ్లి ఏసీలో కూర్చుంటే చాలు.

అప్పట్లో అందరూ పట్టుబట్టలే కట్టేవారు. ఎవరికీ చెమట పట్టేది కాదు. విజయరాఘవ నాయకుడి (1634–1673) కొలువులో హార్మోనియం మోగేది. దానికి పారిస్‌లో పేటెంటు వచ్చింది 1842లోనే అనుకోండి, మనవాళ్లు ఎప్పుడూ ముందే ఉంటారు కదా! వయొలిన్ కూడా ఉండేది. దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చాడని చెప్పే బాలుస్వామి దీక్షితులు 1786లో పుట్టి, అది నేర్చుకునేదాకా ఆగాల్సిన ఖర్మ రాజుగారికేం?

ఇదంతా పోనీలే అనుకోవచ్చు. వ్యాఖ్యాతగారితోనే వచ్చింది చిక్కు. సభలో పాడేవి పదాలు, అంటే ఆ కాలపు కవి క్షేత్రయ్య కట్టిన శృంగార పాటలు. ప్రతి పదానికీ ముందు ఆయన మైకు దగ్గరికొచ్చి, కళ్లజోడు సవరించుకుని, "ఇక్కడ నాయిక జీవాత్మ, నాయకుడు పరమాత్మ" అంటారు. పదం మొదలవుతుంది. డబ్బు తెచ్చావా అని అడుగుతుంది జీవాత్మ. రాత్రి ఎవరింట్లో ఉన్నావో చెప్పి లోపలికి రమ్మని గుమ్మంలోనే నిలబెడుతుంది. గోటి గీతలతో తెల్లారి ఇల్లు చేరిన పరమాత్మ నీళ్లు నములుతుంటాడు. ఇంకో వీధిలో ఆయనకున్న వ్యవహారాన్ని చెలికత్తె మోసుకొస్తుంది. ఆవిడ గురువట! ముందు వరస పెద్దలు భక్తితో తలలూపుతారు. పరమాత్మ దగ్గర చిల్లర లేకపోవడమేమిటని ఒక్కరూ అడగరు.

క్షేత్రయ్య ఓ పదంలో ఏ కొలువులో ఎన్ని పదాలు చెప్పాడో లెక్క రాసుకున్నాడు. గోల్కొండ పాదుషా దగ్గర 1500 అట. పాటతో పొట్టపోసుకునే మనిషి పద్దు అది. ఆ కాలపు బతుకు కావాలంటే వెతకాల్సింది అలాంటి చోట. మన వ్యాఖ్యాత దాని జోలికి పోరు. అందులో ఆత్మ దొరకదు కాబోలు.

ఇంతకీ ఈ పదాలు ఇన్నేళ్లు ఎవరి గొంతుల్లో బతికాయి? భోగంవాళ్లని మీరు మూతి తిప్పుకున్న ఆడవాళ్ల గొంతుల్లో. 18వ శతాబ్దంలో తంజావూరు రాజు ప్రతాపసింహుడి కొలువులో ఉన్న అలాంటి ఆవిడే ముద్దుపళని. ఆవిడ రాసిన శృంగార కావ్యం 'రాధికాసాంత్వనం'ని, ఆ ఆడవాళ్లలోనే పుట్టిన గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో కోతలు లేకుండా అచ్చేయించింది. మరుసటి ఏడే ప్రభుత్వం బూతని నిషేధించింది. మగవాడు శృంగారం రాస్తే ప్రబంధం, ఆడది రాస్తే బూతు! 1947లో ఆ నిషేధం ఎత్తేశారు. అదే ఏడు మద్రాసులో గుళ్లలో దేవదాసీలు ఆడకూడదని చట్టం చేశారు. వాళ్ల పాట కావాలి, వాళ్ల అభినయం కావాలి, వాళ్లు మాత్రం వద్దు. పైగా వాళ్ల నోటి మాటకి వేదాంతం పులిమి, వాళ్ల ఆకలినీ కోపాన్నీ తుడిచేసి, దాన్ని చరిత్ర అంటారా? సిగ్గుండాలి.

వందన సమర్పణలో మైకువాడి నుంచి భోజనాల కాంట్రాక్టరు దాకా అందరి పేర్లూ చదివారు. ముద్దుపళని పేరు రాలేదు. నాగరత్నమ్మ పేరు రాలేదు. పరమాత్మకు మాత్రం రెండుసార్లు కృతజ్ఞతలు చెప్పారు.