మహారాజరాజశ్రీ ఓటీపీ గారికి

మహారాజరాజశ్రీ ఓటీపీ గారి దివ్యసముఖానికి,

డాలస్ నుంచి తెనాలి పుట్టింటికొచ్చిన ఒక కూతురు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరి క్షేమం అడగక్కర్లేదు. నిన్న మధ్యాహ్నమంతా వరంగల్‌లో ఎవరో తమ్ముడి ఫోనులో హాయిగా కూర్చున్నారని తెలిసింది.

బ్యాంకులో నా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. ఖాతాకున్న ఫోన్ నంబరు మార్చాలన్నాను. కౌంటరులో అమ్మాయి ఎంతో మర్యాదగా, "పాత నంబరుకి ఓటీపీ వస్తుందండీ, చెప్పండి" అంది. అది పోయింది కాబట్టే మార్చమంటున్నానండీ అన్నాను. "అయితే ఆ నంబరుకి ఫోన్ చేసి అడగండి" అంది.

చేశాను. నా సిమ్ము ఇన్నాళ్ళూ నాన్న పాత బటన్ ఫోనులో ఉండేది. ఆ ఫోను బ్యాటరీ ఉబ్బి మూలపడింది. బ్యాలెన్సు లేకుండా తొంభై రోజులు వాడకపోతే నంబరు తీసేసుకుంటారు కదా, తీసేసుకుని ఇంకొకరికి ఇచ్చారు. రాష్ట్రాలు 2014లోనే విడిపోయినా టెలికం వాళ్ళ లెక్కలో మనదంతా ఇంకా ఒకటే సర్కిలు. అలా తెనాలి నంబరు వరంగల్ చేరింది. ఆ తమ్ముడు మంచివాడే. "మీయే వస్తున్నయక్కా" అన్నాడు. కాస్త చదవమంటే మాత్రం, "ఏమనుకోకుండ్రి, ఎవ్వలకు చెప్పొద్దని అండ్లనే రాసున్నది" అన్నాడు. అతన్ని తప్పు పట్టను. మా అమ్మే మొదట్లో, "ఎవరికీ చెప్పొద్దని రాశాడే, నీకు చెప్పొచ్చా?" అని అడిగింది.

పాస్‌పోర్టు చూపించాను. ఆధార్ చూపించాను. ఆధార్‌కీ అదే పాత నంబరట, దానికి వేరే సెంటరు, వేరే క్యూ. ఎన్నారై కాబట్టి సేవింగ్స్ ఖాతాని ఎన్నార్వోకి మార్చాలట, దానికి వేరే ఫారం. చివరికి ఆ అమ్మాయి విసుక్కుంటూ, "మీరు ఇక్కడ లేరు కదండీ, అదీ ప్రాబ్లం" అంది.

ఆ మాట అన్నప్పుడు నేను ఆమెకి జానెడు దూరంలో నిలబడి ఉన్నాను సార్.

స్కాలర్‌షిప్పు డబ్బులు ఆ బ్యాంకులోనే తీసుకున్నాను. గేటు దగ్గర సెక్యూరిటీ తాత నన్ను చూస్తూనే, "ఎప్పుడొచ్చావమ్మా, చిక్కిపోయావు" అన్నాడు. కిళ్ళీకొట్టాయన పలకరించాడు. మా వీధి కుక్క కూడా ఒకసారి మొరిగి, వాసన చూసి ఊరుకుంది. ఊరంతా గుర్తుపట్టింది, తమరు తప్ప.

బ్యాంకుతో పోనీ అనుకుంటే, తమరు లేని చోటేది? క్యాబు ఎక్కాలంటే తమరే. తిరుమల మూడొందల రూపాయల దర్శనం టిక్కెట్టుకి ముందు తమరి దర్శనం కావాలి. 2025 జులై నుంచి తత్కాల్ టిక్కెట్టుకీ తమరే. పక్కింటి పిల్లాడు ఐస్‌క్రీం తెప్పించుకుని డెలివరీ అబ్బాయికి నాలుగంకెలు దర్జాగా చెప్తుంటే, నేను గుమ్మంలో నిలబడి కుళ్ళుకున్నాను. "మళ్ళీ ఎప్పుడు ప్రయాణం?" అని దిగీ దిగగానే అడిగే చుట్టాల మీద, జీతం డాలర్లలో విని రూపాయల్లోకి గుణించుకునే బాబాయి మీద ఇంకో ఉత్తరం రాస్తాను. వాళ్ళు కనీసం నేనెవరో రుజువు చేయమనలేదు.

ఇంక మర్యాద నావల్ల కాదు. ఆ మధ్యాహ్నం నాదయ్యా! ఏడాదంతా మేనేజరు మొహం చూసి, సెలవులు కూడబెట్టుకుని, విమానంలో మెడ పట్టేసి వచ్చింది అమ్మ పక్కన చాప మీద పడుకుని కబుర్లు చెప్పుకోడానికి. టోకెన్ చేతిలో పట్టుకుని నీ కోసం కాపలా కాయడానికి కాదు. ఇంటికెళ్ళేసరికి నాలుగు. దోసకాయ పప్పు చల్లారిపోయింది. "నేను తినేశాలే" అంది అమ్మ. బోర్లించిన కంచం బోర్లించినట్టే ఉంది. దీనికి ఏ ఫారం నింపాలో చెప్పు.

అయినా ఒకటి చెప్పాలి. మా నాన్న ఫోన్లో మాట్లాడే రకం కాదు. "బావున్నావా, ఇదిగో అమ్మకిస్తున్నా", అంతే ఆయన ఉపన్యాసం. నీ పుణ్యాన మాత్రం మాట్లాడాడు. "నాలుగు... ఏడు... ఏడేనా ఇది, ఒకటా? ఉండు, కళ్ళజోడు." ఈలోగా నీ గడువు తీరిపోయేది. ఇంకోటి వచ్చేదాకా ఏం చేస్తాడు పాపం, "అక్కడ చలిగా ఉందా?" అనేవాడు. "కారు సర్వీసింగు చేయించావా?" అనేవాడు. సర్వర్ మొరాయించిన రోజున మామిడికాయ ధరతో సహా చెప్పాడు. నిన్న బ్యాంకు నుంచి వస్తుంటే ఆటోలో, "చార్జింగు పెడుతూనే ఉన్నానమ్మా" అన్నాడు, ఎవరో నిలదీసినట్టు. నేనేమీ అడగలేదు.

ఇవాళ మళ్ళీ వెళ్ళాం. కొత్త సిమ్ము తీసుకుని రోమింగు వేయించుకోమని సలహా ఇచ్చింది ఆ అమ్మాయి. నేను సరే అనేలోపే నాన్న పెన్ను లాక్కుని, "దండగెందుకమ్మా, ఉమ్మడి ఖాతాయే కదా" అంటూ ఫారం మీద ఆయన నంబరు రాసేశాడు. ఒక్కో అంకె గట్టిగా నొక్కి మరీ.

కాబట్టి ఇకమీదట తమరు ఆయన ఫోనుకే విచ్చేస్తారు. నాకు మధ్యాహ్నం పన్నెండంటే ఆయనకి రాత్రి పదిన్నర. బీపీ మాత్ర వేసుకుని పడుకుని ఉంటాడు. తొందరపెట్టకు. మొదటిసారి ఎలాగూ గడువు దాటిపోతుంది, ఆ రెండోది పంపేటప్పుడు మాత్రం కాస్త ఆలస్యం చెయ్యి.

ఇట్లు,
తమరి దృష్టిలో ఇక్కడ లేని మనిషి