మా గల్లీ ఎల్‌ఈడీ దీపం గారికి

మహారాజశ్రీ, స్తంభం మీద వెలసిన ఎల్‌ఈడీ దీపం గారి దివ్యసముఖానికి, పాలమూరు జిల్లాలో మీ ఎదురింటి డాబా మీద ఎనిమిది అంగుళాల టెలిస్కోపు పెట్టుకున్నవాడు రాసుకునే విన్నపం.

ముందుగా మీ డ్యూటీకో దండం. రాత్రంతా వెలుగుతారు, పొద్దున పదకొండింటికి కూడా సూర్యుడికి తోడుంటారు. మీ కిందే మోరీ మీద బండ లేచిపోయి కాలు ఇరుక్కునేంత సందుంది. అక్కడ మాత్రం చీకటే. మీ మొహం కాస్త పైకి తిరిగింది కదా, రోడ్డు కంటే మా డాబాకే వెలుగెక్కువ. ఆరేసిన మిరపకాయలు రాత్రి పదింటికి కూడా లెక్కపెట్టుకోవచ్చు.

మీకు ముందు అదే స్తంభానికి సోడియం దీపం ఉండేది. దాన్నీ తిట్టుకున్నాం గానీ పాపం, దానికో హద్దుండేది. దాని వెలుగు చాలావరకు పసుపు రంగు దగ్గరే, తరంగం పొడవు 589 నానోమీటర్లకు అటూఇటూ. నెబ్యులాలు, అంటే ఆకాశంలో మెరిసే వాయు మేఘాలు, మెరిసేది 486, 496, 501 దగ్గర. టెలిస్కోపులో కన్ను పెట్టే ఐపీసుకు ఫిల్టర్ బిగిస్తే దీపం చాలావరకు బయటే ఆగేది, నెబ్యులా లోపలికొచ్చేది. మీరు తెల్లటివారు, అన్ని రంగులూ మీవే. నెబ్యులా కోసం వదిలిన సందులోంచి మీరూ దూరి వస్తారు.

అందుకే మీ దయవల్ల నేను జంట నక్షత్రాల భక్తుణ్ణయ్యాను. నక్షత్రం వెలుగంతా ఒక్క చుక్కలో ఉంటుంది, దాన్ని మీరేం చేయలేరు. నెబ్యులా వెలుగు చెరువులో పోసిన చెంబెడు మజ్జిగ.

మా ఫంక్షన్ హాళ్లలో పట్టపగలు పంతులుగారు వేలెత్తి అరుంధతిని చూపిస్తే, కొత్త జంట ఫాల్స్ సీలింగు వంక చూసి "కనపడ్డది" అంటుంది. నేను మాత్రం నిజంగానే చూస్తున్నా. టెలిస్కోపులో అరుంధతి పక్కనున్న వశిష్ఠుడే రెండుగా విడిపోతాడు, మధ్య ఎడం 14 ఆర్క్ సెకన్లు (డిగ్రీని 3600 ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక ఆర్క్ సెకను). ఇది 1617 నుంచే తెలిసిన సంగతి. ఆ సంసారంలో మూడో మనిషి గురించి పంతులుగారికి ఇంకా చెప్పలేదు. హంస మండలంలో ఆల్బిరియో అనే జంట, ఒకటి బంగారు రంగు, ఒకటి నీలం, అదీ మీ ముందు తల వంచదు. ఒరియన్ నెబ్యులాలో మాత్రం నడిమి నాలుగు చుక్కలు మిగిల్చి, రెక్కలు మీరు కత్తిరించేశారు.

అసలు కోపం ఏప్రిల్‌ది. కరీనా నెబ్యులా ఢిల్లీ వాళ్లకు నేల మీద నుంచి రెండు డిగ్రీలు కూడా లేవదు. మనకు దక్షిణాన పదమూడు డిగ్రీలు లేస్తుంది. పాలమూరులో పుట్టినందుకు ఆకాశం ఇచ్చిన మేలు అదొక్కటే అనుకుంటే, సరిగ్గా దక్షిణాన మీరు. కళ్లు చీకటికి అలవాటు పడడానికి అరగంట పడుతుంది. నల్లదుప్పటి కప్పుకుని ఆ అరగంట ఉక్కపోతలో కూర్చుంటే, పక్కింటి పెద్దమ్మ "బిడ్డా, జరమొచ్చిందా?" అని అడుగుతుంది.

మీ వంశం బలం నాకు తెలియక కాదు. బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ ఉండగానే, హైదరాబాద్ వెలుగులు పడలేక ఉస్మానియా వాళ్లు 1968లో 48 అంగుళాల టెలిస్కోపును సిటీకి దూరంగా రంగాపూర్‌లో పెట్టుకున్నారు. నేనెక్కడికి పోను? కృష్ణ ఒడ్డున ముడుమాల్‌లో పెద్ద నిలువురాళ్ల మధ్య ఒక రాతి మీద గుంటలు తొలిచి సప్తర్షి మండలం చూపారని పురావస్తువాళ్లు అంటారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. వేల ఏళ్ల కింద ఉలి పట్టినాయనకు వీధి దీపం లేదు, అదృష్టవంతుడు.

మీ గురించి లైన్‌మన్‌ని అడిగాను. "సార్, అందరు లైటు కావాలని అడుగుతరు. మీరొక్కరే వద్దంటున్నరు, తబియత్ మంచిగున్నదా?" అన్నాడు. వద్దనడం లేదు మహాప్రభో! మొహం కిందికి దించుకుని, నెత్తిన ఒక రేకు టోపీ పెట్టించుకోండి. టోపీ ఖర్చు నాది. ఆ మోరీ కూడా కనపడుతుంది.

ఇట్లు,
దుప్పటి కప్పుకున్న మీ ఎదురింటివాడు

తా.క.: పగలు వెలగడం మానేస్తే టోపీకి రంగు కూడా వేయిస్తాను.