పదిహేను టైటిళ్లు: కోచ్ ఘనతా, లీగ్ పుణ్యమా?

ఒహాయో రాష్ట్రానికి పడమటి అంచున, ఇండియానా సరిహద్దును ఆనుకుని మెర్సర్ కౌంటీ ఉంది. మొక్కజొన్న, సోయా చేలు, పాడి పశువులు, కోళ్ల ఫారాలు, చాలా దూరం నుంచే కనిపించే క్యాథలిక్ చర్చి శిఖరాలు. అక్కడి మరియా స్టైన్ ఎంత చిన్న ఊరంటే దానికి సొంత మేయరు గానీ కౌన్సిల్ గానీ లేవు. ఆ ఊళ్లో ఉన్న మేరియన్ లోకల్ హైస్కూలు 2000 నుంచి 2024 వరకు రాష్ట్ర ఫుట్‌బాల్ టైటిల్‌ను 15 సార్లు గెలిచింది. పదిహేనుసార్లూ కోచ్ ఒక్కరే, టిమ్ గుడ్‌విన్. 2024 ఫైనల్ స్కోరు 74-0. దాంతో ఆ జట్టు వరుస విజయాలు 64కి చేరాయి. అంటే నాలుగు సీజన్ల పాటు ఓటమి అన్నదే లేదు. ఆ గెలుపుతోనే గుడ్‌విన్ కోచ్ పదవి నుంచి తప్పుకున్నారు. ఒహాయోలో ఇన్ని టైటిళ్లు గెలిచిన కోచ్ మరొకరు లేరు.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో విసురుతూ, చంకన పెట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట. డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో, కొలంబస్ పక్కన డబ్లిన్‌లోనో ఉండే తెలుగు కుటుంబాలకు ఇది కొత్తేమీ కాదు. పిల్లలు మార్చింగ్ బ్యాండ్‌లో ఉంటే శుక్రవారం రాత్రి తల్లిదండ్రులు స్టాండ్స్‌లో కూర్చోక తప్పదు. అయితే ఆ శివారు స్కూళ్లలో విద్యార్థులు వేలల్లో ఉంటారు. మేరియన్ లోకల్ ఆడేది సాధారణంగా ఏడో డివిజన్‌లో. ఒహాయోలో అన్నిటికంటే చిన్న బడులుండే డివిజన్ అది.

ఇలాంటి రికార్డు కనిపించగానే పత్రికలన్నీ ఒకే కథ రాస్తాయి. మహా కోచ్, క్రమశిక్షణ, ఊరంతా ఒక్కటై నిలబడటం. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ కథ సగమే చెబుతుంది. చిన్న ఊళ్ల ఫుట్‌బాల్‌లో కోచ్ గెలుపోటముల లెక్కను అతను ఆడే లీగ్ నుంచి విడదీసి చదివితే తప్పుడు లెక్కే వస్తుందని నా అభిప్రాయం. గుడ్‌విన్ లాంటి కోచ్ తయారవడంలో ఆయన ప్రతిభకు ఎంత వాటా ఉందో, ప్రతి శుక్రవారం ఆయన్ని నిలబెట్టి పరీక్షించిన పక్క ఊళ్లకూ దాదాపు అంత వాటా ఉంది.

ఈ లీగ్‌ల వ్యవహారం రాష్ట్రానికో రకంగా ఉంటుంది. టెక్సాస్‌లో రాష్ట్ర సంఘమే రెండేళ్లకోసారి స్కూళ్లను జిల్లాలుగా విడదీస్తుంది. అయోవాలో కూడా ఫుట్‌బాల్ వరకు గ్రూపులు కట్టేది రాష్ట్ర సంఘమే. ఒహాయోలో అలా కాదు. విద్యార్థుల సంఖ్యను బట్టి డివిజన్లు నిర్ణయించడం, ప్లేఆఫ్స్ (సీజన్ చివర టైటిల్ కోసం ఆడే మ్యాచ్‌లు) నడపడం సంఘం పని. సీజన్‌లో ఎవరితో ఎవరు ఆడాలన్నది స్కూళ్లు తమలో తాము కట్టుకున్న కాన్ఫరెన్స్, అంటే లీగ్, ఇష్టం. మెర్సర్ కౌంటీ, ఆ చుట్టుపక్కల ఊళ్లు 1973లో మిడ్‌వెస్ట్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్ పెట్టుకున్నాయి. మేరియన్ లోకల్, కోల్డ్‌వాటర్, సెయింట్ హెన్రీ, మిన్‌స్టర్, న్యూ బ్రెమెన్, వెర్సైల్స్, డెల్ఫోస్ సెయింట్ జాన్స్ లాంటి స్కూళ్లు అందులో ఉన్నాయి. రెగ్యులర్ సీజన్‌లో ఉండేది పది మ్యాచ్‌లు. వాటిలో తొమ్మిది ఈ లీగ్‌లోనే గడిచిపోతాయి. ఊపిరి తీసుకునే వారం దొరకదు.

2014లో జరిగింది చూడండి. ఒహాయోలో ఏడు డివిజన్లు. చిన్న బడులుండే చివరి మూడింటిలో ఆ ఏడాది టైటిల్ గెలిచినవి వరుసగా కోల్డ్‌వాటర్, మిన్‌స్టర్, మేరియన్ లోకల్. మూడూ ఈ ఒక్క కాన్ఫరెన్స్ జట్లే. ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మిన్‌స్టర్. సొంత లీగ్‌లో పలుసార్లు ఓడిన జట్టు అది. రెగ్యులర్ సీజన్ ముగిసేసరికి దాని కోచ్‌ను ఎవరూ గొప్పవాడని పొగిడి ఉండరు. అదే జట్టు రాష్ట్ర ఫైనల్లో కర్ట్‌ల్యాండ్‌ను 46-42తో ఓడించింది. లీగ్ పట్టికలో ఎక్కడో ఉన్న జట్టు రాష్ట్రానికి చాంపియన్ అయిందంటే, ఆ పట్టిక కోచ్ సత్తాను ఎంత తక్కువ చేసి చూపిస్తోందో అర్థమవుతుంది.

అన్ని ఓటములతో మిన్‌స్టర్‌కు ప్లేఆఫ్స్‌లో చోటెలా దొరికింది? ఒహాయోలో ప్లేఆఫ్ అర్హత కేవలం గెలుపుల సంఖ్య మీద రాదు. హార్బిన్ పాయింట్లని ఒక లెక్క ఉంది. పెద్ద డివిజన్ జట్టును ఓడిస్తే ఎక్కువ పాయింట్లు వస్తాయి. మనం ఓడించిన జట్టు ఆ సీజన్‌లో ఇంకెవరినైనా గెలిచినా మన ఖాతాలో కొంత పడుతుంది. కాబట్టి ఒహాయో కోచ్‌కు బలమైన లీగ్‌లో ఆడటం వల్ల వచ్చే నష్టం కొంత తగ్గుతుంది. ప్రత్యర్థి ఎవరన్నది చూడకుండా గెలుపులు మాత్రమే లెక్కపెట్టే చోట కోచ్‌లు మెతక ప్రత్యర్థుల కోసం వెతుకుతారు. అందులో వాళ్లను తప్పుపట్టడానికీ లేదు. ఉద్యోగం నిలబడాలి కదా.

గుడ్‌విన్ 1999లో మేరియన్ లోకల్‌కు వచ్చారు. రెండో సీజన్‌లోనే, 2000లో స్కూలుకు తొలి టైటిల్ దక్కింది. అంత తొందరగా ఎలా సాధ్యమైంది? పక్కనున్న సెయింట్ హెన్రీ అప్పటికే 1990ల్లో నాలుగు టైటిళ్లు గెలిచింది. ఆ చిన్న ఊరి నుంచే జిమ్ లాషే, బాబీ హోయింగ్, జెఫ్ హార్టింగ్స్ అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ దాకా వెళ్లారు. డెల్ఫోస్ సెయింట్ జాన్స్ అదే దశాబ్దం చివర్లో మొదలుపెట్టి వరుసగా 57 మ్యాచ్‌లు గెలిచింది. ఆ రాష్ట్ర రికార్డును ఎన్నో ఏళ్ల తర్వాత బద్దలుకొట్టింది గుడ్‌విన్ జట్టే. అంటే ఆయన అడుగుపెట్టేనాటికే ఆ లీగ్‌లో మామూలు ఆటతో నెగ్గుకురావడం కుదరదు. పక్క ఊరి లైన్‌మెన్ (ముందు వరసలో తలపడే ఆటగాళ్లు) ఎలా అడ్డుకుంటున్నారో ఏటా దెబ్బలు తింటూ నేర్చుకున్న పిల్లలే ఆయన చేతికొచ్చారు.

ఆయన గొప్పతనాన్ని తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. అదే లీగ్‌లో ఆడే మిగతా స్కూళ్లకు పదిహేను టైటిళ్లు రాలేదు. పాతికేళ్ల పాటు ఏటా పన్నెండో తరగతి వాళ్లు వెళ్లిపోతూ ఉంటే, మళ్లీ మళ్లీ కొత్త జట్టును అదే స్థాయికి తేవడం అందరివల్లా అయ్యే పని కాదు. ఆ ప్రతిభ ఉన్న మనిషికి ఆ లీగ్ దొరికింది. వేరేచోట అయితే ఇదే మనిషికి ఆరేడు టైటిళ్లు వచ్చేవేమో. అప్పుడు మనం ఆయన గురించి చదివేవాళ్లం కాదు.

లీగ్ బలం ఎక్కణ్నుంచి వస్తుందన్నది అసలైన ప్రశ్న. దీనికి జవాబు మైదానంలో దొరకదు. మెర్సర్ కౌంటీ నిరుద్యోగం ఒహాయోలోకెల్లా తక్కువగా ఉండే చోట్లలో ఒకటి. పక్కనే న్యూ బ్రెమెన్‌లో ఫోర్క్‌లిఫ్ట్‌లు తయారుచేసే క్రౌన్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఉంది. పొలాలున్నాయి, ఫ్యాక్టరీలున్నాయి. చదువు అయ్యాక కుర్రాళ్లు ఊళ్లోనే ఉండిపోతారు, ఊళ్లోనే పెళ్లి చేసుకుంటారు, తర్వాత వాళ్ల పిల్లలు అదే జెర్సీ వేసుకుంటారు. నిన్న జట్టులో బంతి విసిరిన క్వార్టర్‌బ్యాక్ ఇవాళ చిన్న పిల్లల జట్టుకు సాయంత్రాలు ఆట నేర్పుతుంటాడు, అదీ హైస్కూల్ జట్టు వాడే పద్ధతిలోనే. హెడ్ కోచ్ దగ్గరికి వచ్చేసరికి పిల్లాడికి సగం పాఠం వచ్చేసి ఉంటుంది. ఇదంతా ఒక్క ఊళ్లో కాకుండా లీగ్‌లోని చాలా ఊళ్లలో ఒకేసారి జరుగుతోంది. ఉద్యోగాలు పోయి కుర్రాళ్లు వలస పట్టిన ఊరికి ఎంత మంచి కోచ్‌ను తెచ్చినా ఇది దొరకదు.

వలస పట్టిన ఊళ్ల సంగతి తెలియాలంటే ఇంకా పడమటికి, కాన్సస్ మైదానాలకు వెళ్లాలి. స్మిత్ సెంటర్ జనాభా రెండు వేల లోపే. అమెరికా ప్రధాన భూభాగానికి సరిగ్గా నడిబొడ్డు అని చెప్పుకునే లెబనాన్ అనే ఊరు ఆ పక్కనే ఉంటుంది. లెక్కల మాస్టారు రోజర్ బార్టా 1978 నుంచి 2012 వరకు ఇక్కడ కోచ్. 323 విజయాలు, ఎనిమిది రాష్ట్ర టైటిళ్లు. 2004 నుంచి 2009 దాకా వరుసగా 79 మ్యాచ్‌లు గెలిచాక, 2009 ఫైనల్లో సెంట్రాలియా చేతిలో ఆ పరుగు ఆగింది. అమెరికా పెద్ద పత్రికలు కూడా ఆ ఊరికి పరుగెత్తాయి.

బార్టా రికార్డులో ఇంకో అంకె ఉంది. 2007లో ప్లెయిన్‌విల్ మీద ఆయన జట్టు తొలి క్వార్టర్‌లోనే, అంటే పావు ఆటలోనే, 72 పాయింట్లు చేసింది. అది జాతీయ రికార్డు. దాన్ని ఘనతగా చెప్పుకునేవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం అది ఆ ప్రాంతం జబ్బును చూపించే అంకెలా కనిపిస్తుంది. గోధుమ పొలాలు పెద్దవవుతూ మనుషులు తగ్గుతూ ఉంటే ఒక ఊరి జట్టు బలంగా నిలబడుతుంది, పక్క ఊళ్లో పదకొండు మందిని పోగేయడమే గగనమవుతుంది. అప్పుడు ఆ రెండింటి మధ్య ఆటలో నేర్చుకోవడానికి ఇద్దరికీ ఏమీ మిగలదు. మేరియన్ లోకల్ గెలిచిన 74-0 ఫైనల్‌కూ ఇదే మాట వర్తిస్తుంది. లీగ్‌లో పక్కవాళ్లతో ఆడేటప్పుడు ఉండే టెన్షన్ రాష్ట్ర ఫైనల్లో లేకపోవడం విచిత్రమే.

జనం తగ్గిన ఊళ్లు ఏం చేయాలన్న ప్రశ్న ఇవాళ్టిది కాదు. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1934లో నెబ్రాస్కాలోని చెస్టర్‌లో స్టీఫెన్ ఎప్లర్ అనే టీచర్ ఆరుగురితో ఆడే ఫుట్‌బాల్‌ను కనిపెట్టాడు. మైదానం వందకు బదులు 80 గజాలు. తొలి మ్యాచ్ అదే ఏడు హెబ్రన్‌లో జరిగి 19-19తో డ్రా అయింది. ఆడినవి కూడా రెండేసి ఊళ్లు కలిసి కట్టిన జట్లే. ఇవాళ టెక్సాస్ పల్లెల్లో ఆరుగురి ఆట, కాన్సస్, నెబ్రాస్కాల్లో ఎనిమిదిమంది ఆట నడుస్తున్నాయి. పదకొండు నుంచి ఎనిమిదికి దిగడం ఊరికి అవమానంగా అనిపిస్తుంది, స్కూల్ బోర్డు సమావేశాల్లో గొడవలవుతాయి. కానీ సమానంగా ఆడే పక్క ఊళ్లు దొరికేది అక్కడే అయితే అక్కడికి దిగడమే తెలివైన పని. కోచ్ పరువు కోసం పిల్లలు 60 పాయింట్ల తేడాతో ఓడాల్సిన అవసరం లేదు.

టైటిళ్లతో కోచ్‌ను కొలవడం ఎంత పొరపాటో చెప్పడానికి ఎడ్ థామస్ ఒక్కరు చాలు. అయోవాలోని పార్కర్స్‌బర్గ్‌కు ఆయన 1975లో వచ్చారు. తొలి రాష్ట్ర టైటిల్ 1993లో, అంటే 18 ఏళ్లకు దక్కింది. రెండోది 2001లో. అంతే, మూడోది లేదు. ఇవాళ్టి లెక్కన అయితే ఐదో ఏటనే ఆయన్ని మార్చమని గుసగుసలు మొదలయ్యేవి. ఆయన మొత్తం విజయాలు 292. రెండు వేల మంది కూడా లేని ఆ ఊరి జట్టు నుంచి నలుగురు ఒకే కాలంలో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడారు. 2008 మేలో అతి భీకరమైన టోర్నడో ఊళ్లో పెద్ద భాగాన్ని, హైస్కూలు భవనాన్ని నేలమట్టం చేసింది. ఆ సీజన్ తొలి హోమ్ మ్యాచ్ అదే మైదానంలో జరగాలని థామస్ పట్టుబట్టారు, జరిగింది కూడా. మరుసటి ఏడు జూన్‌లో, మానసిక అనారోగ్యంతో ఉన్న ఒక మాజీ ఆటగాడు పిల్లల ఎదుటే ఆయన్ని కాల్చి చంపాడు. కాల్చినవాడి కుటుంబం కోసం కూడా ప్రార్థించమని థామస్ కుటుంబం ఊరివాళ్లను కోరింది. ఆయన కొడుకుల్లో ఒకరు తర్వాత అదే స్కూలుకు ప్రిన్సిపాల్‌గా వచ్చారు. రెండు ట్రోఫీల కోచ్ గురించి ఊరు ఇవాళ్టికీ ఎందుకు మాట్లాడుకుంటుందో స్కోర్‌బోర్డు చెప్పదు.

మొత్తం విజయాల లెక్కకూ ఇలాంటి చిక్కే ఉంది. సౌత్ కరోలినాలోని సమ్మర్‌విల్‌లో జాన్ మెకిసిక్ 1952 నుంచి 2014 వరకు 63 సీజన్లు కోచ్‌గా ఉండి 621 మ్యాచ్‌లు గెలిచారు. అద్భుతమే. అయితే ఆయన వచ్చిననాటి చిన్న ఊరు ఈలోగా చార్లెస్టన్ శివారుగా మారి ఎన్నో రెట్లు పెరిగింది. ఆ అంకెలో సగం ప్రతిభ, సగం ఒకేచోట ఓపిగ్గా ఉండిపోవడం. ఆ ఉండనివ్వడం ఊరి చేతుల్లో ఉంటుంది. చాలా స్కూళ్లలో కోచింగ్ అంటే టీచరు జీతానికి తోడు ఏడాదికేడాది పొడిగించే అదనపు కాంట్రాక్టు. రెండు సీజన్లు పోతే పొడిగింపు ఆగిపోవడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. కొందరు తల్లిదండ్రుల ఫోన్లు చాలు.

ఓటములు ఎక్కువైన బోర్డులకు ఇంకో దారి కూడా కనిపిస్తుంది: బలమైన లీగ్ నుంచి బయటపడి మెతక లీగ్‌లో చేరడం. మొదటి రెండేళ్లు పట్టిక కళకళలాడుతుంది, అందరూ కోచ్‌ను మెచ్చుకుంటారు. తర్వాత ప్లేఆఫ్స్‌లో అసలైన జట్టు ఎదురైనప్పుడు తేడా తెలిసొస్తుంది. మిడ్‌వెస్ట్ కాన్ఫరెన్స్‌లో ఏటా నాలుగు మ్యాచ్‌లు గెలిచే కోచ్, పక్క కౌంటీలో తేలికైన లీగ్‌లో తొమ్మిది గెలిచే కోచ్ ఒకే ఉద్యోగానికి వచ్చారనుకుందాం. చాలా బోర్డులు రెండో ఆయన్నే తీసుకుంటాయి. నేనైతే మొదటాయన అసిస్టెంట్లు ఎన్నేళ్లుగా ఆయనతో ఉన్నారో, ఏడో తరగతిలో ఎంతమంది పిల్లలు ఆటకు పేరిస్తున్నారో కనుక్కుంటాను. జవాబులు బాగుంటే ఆ నాలుగు గెలుపుల మనిషికే ఉద్యోగం ఇచ్చి, కనీసం ఐదేళ్లు ఆయన జోలికి వెళ్లను.