ముందు పడుడు నేర్చుకోండ్రి, తర్వాతనే కాజీపేటల బండెక్కుండ్రి

కరీంనగర్ దిక్కు గ్రానైట్ క్వారీల నీళ్లల్లకు దూకుడు, బొగత జలపాతం కాడ బండల మీదికెళ్లి దూకుడు, డాబా మీద బ్యాక్‌ఫ్లిప్పులు. ఇవన్ని రీల్స్ చేసి, కింద "ఫైట్ మాస్టర్ అన్నా, ఒక్క ఛాన్స్ ఇయ్యి" అని రాస్తున్నరు మన పోరగాళ్లు. సినిమాలల్ల ఫైటర్ అయితమని హైదరాబాద్ పోదామనుకునే వాళ్ల కోసమే ఈ పోస్టు. జర పొడుగైతది, ఓపికతోని చదువుండ్రి. ఈ పని సగం తెలిసినోడే నడుము ఇరగ్గొట్టుకుంటడు.

క్వారీ సంగతి ముందు చెప్త. అడుగున కోసిన రాయి అంచులు నిలబడి ఉంటయి. ఒక కాడ ముప్పై అడుగుల లోతుంటే, రెండు గజాల అవతల మోకాళ్ల లోతే ఉండొచ్చు. పైనుంచి చూస్తే రెండూ ఒక్క తీరుగనే కనిపిస్తయి. పెద్ద సెట్లల్ల కూడ నీళ్లు ప్రాణం తీసినయి. 2016 నవంబర్‌ల బెంగళూరు దగ్గర తిప్పగొండనహళ్లి రిజర్వాయర్ కాడ ఒక కన్నడ సినిమా కోసం హెలికాప్టర్ మీదికెళ్లి దూకిన అనిల్, ఉదయ్ అనే ఇద్దరు నటులు మునిగి చనిపోయిండ్రు. వాళ్ల ఒంటి మీద లైఫ్ జాకెట్ లేదు. పడవ సమయానికి అందలే. ఈత మంచిగ రానోడు నీళ్ల షాట్ ఒప్పుకోవద్దు, ఎంత పెద్ద హీరో సినిమా అయినా సరే.

ఇగ అసలు మాట. ఫైట్ మాస్టర్ నువ్వెంత ఎత్తుకు ఎగిరినవో చూడడు. చెప్పిన మార్కు మీద పడుతవా, పదో టేకుల కూడ మొదటి టేకు లెక్కనే పడుతవా, పక్కనున్న ఫైటర్‌కు, హీరోకు తగలకుండ పడుతవా, గివి చూస్తడు. ఎగురుడు ఆరు నెలలల్ల వస్తది. పడుడు సరిగ్గ రావాలంటే ఏడాది పైన పడుతది. మనోళ్లు దీన్ని తలకిందులు చేసి, ఎగురుడు యూట్యూబ్‌ల చూసి నేర్చుకొని, పడుడు సెట్ మీద నేర్చుకుందమని పోతున్నరు. సెట్ మీద నేర్పేటంత టైమ్ ఎవ్వనికి ఉండదు.

మొదటి మూడు నెలలు నాలుగే నేర్చుకోండ్రి: ముందుకు రోల్, వెనక్కి రోల్, పక్కకు పడుడు, వెల్లకిల పడుడు. ముందు కూసున్న ఎత్తు నుంచి, తర్వాత గొంతుక్కూసోని, ఆఖరుకు నిలబడి. మ్యాట్ లేకుండ వద్దు. గదవ ఛాతికి ఆనించి ఉంచాలె, లేకపోతే వెనక్కి పడ్డప్పుడు తల ఊగి నేలకు కొట్టుకుంటది. రోల్ తల మీదికెళ్లి పోవద్దు. కుడి భుజం వెనుక మొదలై ఐమూలగ ఎడమ తుంటి దాక పోవాలె, వెన్నుపూస నేలకు తగలొద్దు. వెనక్కి పడేటప్పుడు చెయ్యి వెనుక ఆనించుడు మనిషికి పుట్టుకతోని వచ్చే అలవాటు. మణికట్టు, మోచెయ్యి విరిగేది దానితోనే. ఆ అలవాటు పోవాలంటే చేతులు ఒంటికి కొంచెం దూరంగ, ఐమూలగ పెట్టి, మోచేతి నుంచి అరచెయ్యి దాక మొత్తం నేలను ఒక్కసారి చరచాలె. నేల తగిలే క్షణంల ఊపిరి బయటికి విడవాలె. ఊపిరి బిగబట్టి పడితే ఛాతి పట్టేసి రెండు నిమిషాలు లేవలేవు.

మోకాళ్ల గురించి వేరేగ చెప్పాలె, ఎందుకంటే ఎక్కువ మంది కెరీర్ అయిపోయేది అక్కడనే. దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వంగితే మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ తెగుతది. ఆపరేషన్ అయినంక మళ్లీ దూకాలంటే తొమ్మిది నెలల నుంచి ఏడాది. ఫోన్ ముంగట పెట్టి, రెండడుగుల ఎత్తు నుంచి దిగి, స్లో మోషన్‌ల చూసుకోండ్రి. మోకాలు బొటనవేలు కన్న లోపలికి పోతే, ఎత్తు తగ్గించి తుంటి, తొడ బలం పెంచండ్రి. ఒంటికాలు స్క్వాట్లు పదేసి మూడు సెట్లు, వారానికి మూడు రోజులు. సిక్స్ ప్యాక్ కన్న గిది ఎక్కువ పని చేస్తది.

ఊళ్లల్ల కబడ్డి ఆడిన పిల్లలకు ఇది తొందరగ పట్టుబడుతది. పట్టుల పడుడు, దొర్లుడు, లేచుడు వాళ్ల ఒంట్లనే ఉంటది. కుస్తీ పట్టినోళ్లు, కరీంనగర్, ఆదిలాబాద్ స్పోర్ట్స్ స్కూళ్లల్ల చదివినోళ్లు కూడ అంతే. హనుమకొండ జేఎన్ఎస్ స్టేడియంల జిమ్నాస్టిక్స్ కోచ్ దగ్గర వారానికి మూడు పొద్దులు, బాక్సింగో కరాటేనో రెండు పొద్దులు, ఈత ఒక పొద్దు. ఇట్ల ఏడాదిన్నర ఇక్కడనే చెయ్యుండ్రి. హైదరాబాద్ కృష్ణానగర్‌ల రూమ్ కిరాయి కట్టుకుంట ఇదే నేర్చుకోవాలంటే తిండి పైసలకే సరిపోదు.

కొట్లాట వచ్చినంత మాత్రాన ఫైటర్ కాడు. కెమెరా కాడ గుద్దు మొహానికి అడుగు దూరంల పోవాలె, కెమెరా కోణం ఆ అడుగును దాచిపెడుతది. గుద్దు తగిలినట్టు కనిపించేది తినేటోని రియాక్షన్ తోనే. పిడికిలి గదవ గీతను దాటేటప్పుడు తల తిరగాలె, దాని వెంట భుజం, ఆ తర్వాత తుంటి. మూడూ ఒక్కసారి తిరిగితే అబద్ధమని తెలిసిపోతది. నిజంగ బాక్సింగ్ చేసినోళ్లకు ఇది కష్టం, ఎందుకంటే తప్పించుకునుడు వాళ్లకు అలవాటు. ఇద్దరు దోస్తులు కలిసి ఎనిమిది దెబ్బల కంపోజింగ్ పెట్టుకొని, అదే ఎనిమిది ఇరవై సార్లు తేడా లేకుండ చెయ్యుండ్రి.

ఎత్తు నుంచి పడుడు లెక్కతోని నడుస్తది. 3 మీటర్ల నుంచి పడితే కిందికి వచ్చేసరికి గంటకు 28 కిలోమీటర్ల వేగం, 6 మీటర్ల నుంచి 39. ఆ వేగాన్ని ఎంత దూరంల ఆపినవన్నదే ప్రాణం. 6 మీటర్ల నుంచి పడి 10 సెంటీమీటర్లల్ల ఆగితే ఒంటి మీద నీ బరువుకు 60 రెట్ల దెబ్బ. మీటరు మందంల మెల్లగ ఆగితే 6 రెట్లు. ఖాళీ అట్టపెట్టెలు, ఎయిర్ బ్యాగు చేసే పని గిదే. పెట్టెలన్ని ఒక్క సైజువి ఉండాలె, గాలి పోయేటట్టు గట్టిగ టేపు వెయ్యకుండ, వరుసకు వరుస అతుకులు కలవకుండ పేర్చాలె, చుట్టూ తాడు కట్టాలె. పైన మ్యాట్లు పరచాలె. తడిసిన అట్ట పనికి రాదు. ఒక టేకుల నలిగిన పెట్టెను రెండో టేకుకు మార్చకపోతే, రెండోసారి పడేది దాదాపు నేల మీదనే. ఎయిర్ బ్యాగు అయితే నడిమిట్ల, వెల్లకిల పడాలె. అంచు మీద పడితే బయటికి విసిరేస్తది. ముందటోడు దిగి, గాలి పూర్తిగ నిండినంకనే తర్వాతోడు దూకాలె. లైటు పోతున్నదని ఎవ్వరు తొందర పెట్టినా ఆగుండ్రి.

తీగ కట్టి గాల్లకు లేపే రోప్ షాట్లల్ల మనోళ్లు తెల్వక బాగ దెబ్బలు తింటరు. ఒంటికి కట్టే పట్టీల హార్నెస్ తుంటి ఎముకల మీద కూసోవాలె, పొట్ట మీదికి జారొద్దు. తొడ పట్టీ కింద రెండు వేళ్లు మాత్రమే దూరేటంత బిగువు. మనిషిని ఎత్తే తీగకు, మామూలుగ మనిషి బరువుకు 10 రెట్లు తెగే బలం చూస్తరు, ఎందుకంటే కుదుపు వచ్చినప్పుడు బరువు ఎన్నో రెట్లయితది. తీగల ఒక్క పోగు తెగి పైకి లేచినా, ఎక్కడన్న మెలి పడి మడత కనిపించినా ఆ తీగ పక్కకు పెట్టాలె. మనిషి కన్న ముందు ఇసుక బస్తా ఎక్కాలె. బస్తా ఎక్కించి చూపించమని అడుగుడు నామోషీ అనుకోవద్దు, మంచి రోప్ టీమ్ అడగకముందే చూపిస్తది. షాట్ల నడుమ కదలకుండ వేలాడొద్దు. కాళ్లల్ల రక్తం ఆగి కళ్లు తిరుగుతయి. కాళ్లు ఆడిస్తుండాలె, ఆలస్యమైతే దింపమనాలె.

నిప్పు షాట్లు, కారు బోల్తాలు మొదటి ఐదేండ్లు మీ పని కాదు. 2025 జూలైలో తమిళనాడు నాగపట్నం దిక్కు ఒక షూటింగ్‌ల కారు బోల్తా స్టంట్ చేస్తూ మోహన్ రాజ్ చనిపోయిండు. ఏండ్ల తరబడి అదే పని చేసిన మనిషి ఆయన.

పని దొరుకుడు గురించి. తెలుగు సినిమాల స్టంట్ వాళ్లకు యూనియన్ ఉన్నది, అది ఫిలిం ఫెడరేషన్ కింద ఉంటది. యూనియన్ కార్డు లేనోనికి పెద్ద సినిమాలల్ల పని దొరుకుడు కష్టం. సభ్యత్వం ఫీజు పెద్దదే. ఎంతున్నా సరే, యూనియన్ ఆఫీసులనే కట్టి రసీదు తీసుకోవాలె. "నాకియ్యి, నేను కార్డు ఇప్పిస్త" అన్నోడు ఎవ్వడైనా దొంగే. ఛాన్స్ కోసం పైసలడిగే మాస్టర్ మాస్టరే కాదు. యూనియన్‌ను తిట్టేటోళ్లు ఒకటి యాది పెట్టుకోండ్రి: 2025 ఆగస్టుల ఫెడరేషన్ కార్మికులు 30 శాతం కూలి పెంచమని పని బందు పెట్టి, మూడేండ్లల్ల దశల వారీగ 22.5 శాతం పెంపు తెచ్చుకున్నరు. ఒక్కొక్కడు పోయి అడిగితే రూపాయి పెరిగేది కాదు.

వీడియో నిమిషంన్నర దాటొద్దు. మొదటి పది సెకండ్లల్ల మొహం, ఎత్తు, బరువు. తర్వాత రోల్స్, ఫాల్స్, రియాక్షన్, కత్తి, కర్ర, ఈత, బైకు. ఫోన్ అడ్డంగ పెట్టి, తల నుంచి కాలు దాక కనిపించాలె, కట్ లేకుండ తియ్యాలె. పాట, స్లో మోషన్ పెడితే మాస్టర్‌కు మీ టైమింగే తెల్వదు. దాన్ని పెద్ద మాస్టర్లకు పంపే కన్న వాళ్ల అసిస్టెంట్లకు పంపండ్రి, ఫైటర్లను పిలిచేది ఎక్కువ వాళ్లే. రాని పని వస్తదని రాయొద్దు. గుర్రం రాదంటే పోయేది ఒక్క షాట్, అబద్ధమాడితే అసిస్టెంట్ మళ్ల ఫోన్ ఎత్తడు.

కాయితం లేకుండ పనికి పోవుడే నాకు అన్నిటికన్న కోపం తెప్పించేది. 2025 నవంబర్ 21 నుంచి అమలుల ఉన్న కొత్త లేబర్ కోడ్లల్ల స్టంట్ చేసేటోళ్లకు కూడ నియామక పత్రం ఇయ్యాలని ఉన్నది, పని ఏంది, కూలి ఎంత అన్నది అండ్ల ఉండాలె. చిన్న సినిమా మేనేజర్ నవ్వినా సరే అడుగుండ్రి. కాయితం ఇయ్యకపోతే వాట్సాప్‌ల అయినా రాయించుకోండ్రి: తేదీ, జాగ, ఏం షాట్, కూలి ఎంత, రిస్క్ షాట్‌కు వేరే ఎంత, దెబ్బ తగిలితే దవాఖాన ఖర్చు ఎవరిది, అంబులెన్స్ సెట్ కాడ ఉంటదా లేదా. ఇన్సూరెన్స్ ఫారంల ఉద్యోగం కాడ "ప్రైవేట్ జాబ్" అని రాస్తే ప్రీమియం తగ్గుతది, క్లెయిమ్ కూడ పోతది. ఉన్నదున్నట్టు రాసి, పని మీద తగిలిన దెబ్బకు వర్తిస్తదా అని రాతపూర్వకంగ అడుగుండ్రి. ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగింది, మంచిదే, కాని మంచం మీదున్న నెలల కూలి అది ఇయ్యదు. ఆరు నెలల ఖర్చు పక్కకు పెట్టుకునే దాక పూర్తిగ ఈ పని మీదనే బతుకొద్దు. అప్పటి దాక జిమ్ల ట్రైనర్‌గనో, పిల్లలకు కరాటే నేర్పుకుంటనో ఉండుండ్రి.

తలకు దెబ్బ తగిలితే మాత్రం ఆ రోజు పని బందు. వాంతి, మసక చూపు, అడిగిందే అడుగుడు, నిద్ర మత్తు కనిపిస్తే వరంగల్ ఎంజీఎం దవాఖానకో దగ్గర్ల ఉన్న ఇంకో దవాఖానకో పోవాలె. మొదటి దెబ్బ మానకముందు రెండోది తగిలితే మెదడు ఉబ్బి మనిషి పోయిన కేసులున్నయి.

మన ప్రజాప్రతినిధులకు, స్పోర్ట్స్ అథారిటీకి ఒక్క మాట. అమెరికల ఆస్కార్ వాళ్లు 2027ల వచ్చే సినిమాల నుంచి స్టంట్ డిజైన్‌కు అవార్డు పెట్టిండ్రు. 71వ జాతీయ అవార్డులల్ల యాక్షన్ డైరెక్షన్ మన తెలుగు 'హనుమాన్'కే వచ్చింది. మన పిల్లలు మాత్రం ఇంక క్వారీల దూకుతున్నరు. హనుమకొండల మంచి ఫోమ్ పిట్, అంటే దూకి పడేటందుకు ఫోమ్ ముక్కలు నింపిన గుంత, ఒకటి కావాలె: ఇరవై అడుగుల పొడుగు, పన్నెండు అడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు, ముంగట ఒక ట్రాంపోలిన్, పక్కన ఎనిమిది అంగుళాల మందం క్రాష్ మ్యాట్లు రెండు. అండ్లేసిన ఫోమ్ ముక్కలు కిందికి అణిగిపోతయి, అందుకని వారానికోసారి పైకి కిందికి తిప్పాలె, అరిగినవి మార్చాలె. దానికి ఒక మనిషిని పెట్టి జీతమియ్యాలె. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాక కోచ్ ముంగట, పేరు రాయించుకున్న ప్రతి పిల్లగానికి, పిల్లకు తెరిచి ఉంచాలె.